మూడు పార్టీల కుళాయి

ట్రినిడాడ్ దేశ చరిత్రను ఒక్క కుదుపు కుదిపి, రెండు పెద్ద పార్టీల పునాదులు కదిలించి, ప్రజాస్వామ్యాన్ని దాని అసలు యజమానులైన ప్రజలకు తిరిగి అప్పగించబోయే మహత్తర కూటమి ఒకటి మా కోకో రవీన్ కొండ కింద, హరిలాల్ బూధూ గారి హార్డ్‌వేర్ కొట్టు వెనకాల, సిమెంటు బస్తాల మధ్య ఆవిర్భవించింది. ఈ మాటలు నావి కావు. కూటమివారు విడుదల చేసిన ప్రకటనలోవి. మైకులో చదివింది మాత్రం నేనే, ఎందుకంటే మైకు నాది.

నన్ను మంగళ్ అంటారు. నాకో మ్యూజిక్ ట్రక్కు ఉంది. లారీ మీద స్పీకర్లు ఇల్లంత ఎత్తున పేర్చి ఉంటాయి. కార్నివాల్‌కీ, పెళ్ళిళ్ళకీ, ఎన్నికలకీ అద్దెకిస్తాను. రాజకీయ నాయకులంటే నాకు మొదటినుంచీ అపారమైన గౌరవం. పెళ్ళివాళ్ళు ఒకసారి చేసుకుని ఊరుకుంటారు. వీళ్ళు ఊరుకోరు.

కూటమిలో పార్టీలు మూడు. మొదటిది జాతీయ మేల్కొలుపు పార్టీ. దాని నాయకుడు డాక్టర్ ఫిట్జ్‌రాయ్ కసిమీర్. ఆయన దేనిలో డాక్టరో ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఒళ్ళు బాగాలేక ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళూ లేరు. ఆలోచన వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాడు. ఆలోచనలు ఎక్కువగా మధ్యాహ్నం భోజనం తర్వాత వస్తాయి. రెండోది అసలైన జాతీయ మేల్కొలుపు పార్టీ. దాని నాయకురాలు శ్రీమతి వెర్నా ఒలివియే, మా అందరి నోటా మిస్ వెర్నా, డాక్టర్ గారి మాజీ భార్య. సిద్ధాంత విభేదాలతో పార్టీ చీలిందనీ, అందువల్ల కాపురం చీలిందనీ ఆమె అంటుంది. కాదు, వరస దానికి తలకిందులని ఆయన అంటాడు. మూడోది శ్రమజీవుల ప్రగతి ఫ్రంట్. నాయకుడు బూధూ గారు. శ్రమజీవులు ఆయన కొట్లో పనిచేసే ఇద్దరు. సభ్యత్వం ఉద్యోగంతోపాటే వస్తుంది, ఉద్యోగంతోపాటే పోతుంది.

ముగ్గురూ నిస్వార్థపరులే. ముగ్గురికీ ఇంతవరకూ ఎవరూ ఓటు వెయ్యకపోవడమే దానికి రుజువు.

ఇక మా కొండ సంగతి. మా కొండకి పైపు నీళ్ళు రావు. కింద మెయిన్ రోడ్డు పక్కన ఒక వీధి కుళాయి ఉంది. నీళ్ళ ట్యాంకర్ దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది, బుద్ధి పుట్టిన చోట ఆగుతుంది. కొండ కొసన ఆఖరి ఇల్లు టాంటీ యూలాలీది. టాంటీ అంటే మా దగ్గర పిన్ని. మాకెవరికీ ఆమెతో చుట్టరికం లేదు గానీ కొండమీద పుట్టినవాళ్ళందరికీ ఆమె టాంటీయే. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. అయినా పొద్దున్నే రెండు బకెట్లు పట్టుకుని దిగుతుంది, నింపుకుని ఎక్కుతుంది, సగం దారిలో మా గేటు పట్టుకుని ఆగుతుంది. ఆమె ఆయాసపడే చప్పుడుకే నాకు రోజూ మెలకువ వస్తుంది. నేను తెచ్చిపెడతానంటే వినదు. నీ నడుం స్పీకర్లకే సరిపోయింది, నా నీళ్ళ జోలికి రాకు అంటుంది.

ఆమెకున్నది ఒక్కటే కోరిక. ఓట్లడగడానికి కొండెక్కి వచ్చిన ప్రతి నాయకుడికీ అదే చెప్పింది.

“చచ్చేలోపల నా పెరట్లో నా చేత్తో కుళాయి తిప్పాలి నాయనా. ఇంకేం వద్దు.”

నాయకులందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నారు. ఆ కొండమీద కారిన నీళ్ళు అవే.

కూటమి మొదటి కార్యక్రమం వాహనాల ఊరేగింపు. అందులో ఎవరి కారు ముందుండాలన్న దగ్గర చర్చలు మొదలయ్యాయి. వయసును బట్టి తనదే ముందని డాక్టర్ గారన్నాడు. ఆడవాళ్ళకు ముందు దారి ఇవ్వడం నాగరికతని మిస్ వెర్నా అంది. పెట్రోలు పోసింది తనే కాబట్టి తనదే ముందని బూధూ గారన్నాడు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. మెయిన్ రోడ్డు మీద రౌండబౌట్ ఉంది కదా, దాని చుట్టూ తిరుగుదాం, గుండ్రంగా తిరిగేదానికి ముందూ వెనకా ఉండదు అన్నాను. ముగ్గురూ నన్ను రాజనీతిజ్ఞుడన్నారు. అలా మా ఊరేగింపు శనివారం మధ్యాహ్నం మొదలై, ఎక్కడికీ వెళ్ళకుండా, ఎంతో ఉత్సాహంగా సాగింది.

మా దేశంలో మ్యూజిక్ ట్రక్కు కదిలిందంటే దాని వెనక మనిషి కదలకుండా నిలబడడం కష్టం. అది ఎవరి ట్రక్కు, ఎందుకు కదిలింది అని అడగడం మర్యాద కాదు. నేను రెండో పాట వేసేసరికి రమ్ షాపు ఖాళీ అయింది. మూడో పాటకి క్రికెట్ ఆడుతున్న రెండు జట్లూ ప్యాడ్లతో సహా వచ్చాయి. నాలుగో పాటకి ఎవరినో పాతిపెట్టి వస్తున్న బంధువులు నల్లబట్టలతో బస్సు దిగి, కాసేపు సంతాపంగా చూసి, అడుగు కలిపారు. ట్రక్కు ఎటూ పోకుండా అక్కడక్కడే తిరుగుతోంది కాబట్టి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఉండిపోయారు. సాయంత్రానికి దేశం దక్షిణ భాగంలో మొత్తం ట్రాఫిక్ ఆగిపోయింది. ఆగిపోయిన కార్లలోవాళ్ళు కూడా దిగి చిందేశారు.

అప్పటికి మన నాయకుల్లో డాక్టర్ గారు కారులో ఆలోచనలో ఉన్నాడు. మిస్ వెర్నా టీవీ వాళ్ళకి మార్పు ప్రభంజనం గురించి చెబుతోంది. బూధూ గారు మాత్రం నా ట్రక్కు పక్కన చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“మంగళ్, మనం నిజంగా గెలిస్తే ఏంటి పరిస్థితి? కొట్టు ఎవరు చూసుకుంటారు?” అన్నాడు.

మర్నాడు పేపర్లన్నిటిలోనూ మొదటి పేజీలో ఫోటో. తలలు, తలలు, తలలు. మూడో శక్తి వచ్చేసిందని రాశారు. అధికార పార్టీ ఆఫీసులో ఆదివారమైనా దీపాలు వెలిగాయట.

సోమవారం నేను లేచేసరికి కొండ కింద పసుపుపచ్చ పొక్లెయిన్ ఒకటి, లారీడు నీలంరంగు పైపులు, పసుపు టోపీల మనుషులు ఉన్నారు. ఎవరూ అడగలేదు. అర్జీ లేదు, ధర్నా లేదు, రోడ్డు మీద ఒక్క టైరు కాల్చలేదు. ఫోర్‌మన్ పేరు కథ్‌బర్ట్. ఏమిటి సంగతని అడిగితే, కూటమి బలంగా ఉన్నచోట అభివృద్ధి కూడా బలంగా ఉండాలని పైనుంచి ఆర్డరు వచ్చిందన్నాడు. టాంటీ బకెట్లు పట్టుకుని దిగుతూ ఆ పైపుల్ని చూసి ఆగిపోయింది. ఒక పైపు మీద చెయ్యి వేసి, గేదెను కొనబోయేవాళ్ళు నిమిరినట్టు నిమిరింది. ఆ పూట మా గేటు దగ్గర ఆగకుండానే ఎక్కేసింది.

పైపు రోజూ కొంచెం కొంచెం పైకి ఎక్కుతోంది. ఇంతలో కూటమికి చొక్కాల రంగు సమస్య వచ్చింది.

డాక్టర్ గారిది ఆకుపచ్చ. మిస్ వెర్నాది అసలైన ఆకుపచ్చ. బూధూ గారిది నారింజ. ఎవరి మనసూ నొప్పించకూడదని మూడు రంగులూ సమానంగా కలిపి చొక్కాలకు అద్దకం వేయించారు. చొక్కాలు వచ్చాయి. వానాకాలంలో రోడ్డు ఏ రంగులో ఉంటుందో అచ్చం ఆ రంగు. మిస్ వెర్నా చొక్కాను రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ఇది తొడుక్కుని నేను దేశాన్ని ఏలను అని చెప్పి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం రేడియో వార్తల్లో కూటమి చీలిందని చెప్పారు.

అలా చెప్పగానే కొండమీద పొక్లెయిన్ ఆగిపోయింది. పనివాళ్ళు గడ్డపారలు దించి, నీడ చూసుకుని కూర్చుని, టిఫిన్లు విప్పారు. టాంటీ రెండో విడత నీళ్ళకి దిగుతూ అది చూసింది. ఎందుకాపారని అడిగింది. కథ్‌బర్ట్ లేచి నిలబడి, టోపీ తీసి, చాలా గౌరవంగా జవాబిచ్చాడు.

“క్షమించు టాంటీ. విడిపోయిన కూటమికి పైపు వేసే అధికారం నాకు లేదు.”

టాంటీ పక్కనే నిలబడ్డ నావైపు తిరిగింది. ఖాళీ బకెట్లు అక్కడే నా చేతిలో పెట్టింది. ముగ్గురినీ రేపు మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రమ్మన్నానని చెప్పు అంది. రాకపోతే అనబోయాను. టాంటీ యూలాలీ పెలావ్ వండి పిలిస్తే రానివాడు ఈ దేశంలో ఎలా ఎన్నికల్లో నిలబడతాడో నేనూ చూస్తాను అంది.

ముగ్గురూ వచ్చారు. కోడిమాంసం, పచ్చి కందులు, కొబ్బరిపాలు, మాడ్చిన చక్కెర పడి పెద్ద ఇనుప కుండలో ఉడుకుతున్న పెలావ్ వాసన కొండ దిగి వాళ్ళను ఎదురెళ్ళి తీసుకొచ్చింది. మొదటి పళ్ళెం అయ్యేదాకా ఎవరూ ఎవరి మొహం చూడలేదు. రెండో పళ్ళెం మీద మిస్ వెర్నా, బురద అనేది నేలతల్లి రంగు అనుకుంటే ఫర్వాలేదేమో అంది. నేను అప్పటికే ట్రక్కునుంచి టాంటీ వరండా దాకా వైరు లాగి మైకు ఆన్ చేసి ఉంచాను. కూటమి చెక్కుచెదరలేదని కొండ కిందికి వినబడేలా చెప్పాను. పొక్లెయిన్ స్టార్టయింది.

అప్పటినుంచి కొండమీద ఇంజినీరింగ్ పని అంతా ఇలాగే నడిచింది. కథ్‌బర్ట్ ఇంజినీరు మాట కన్నా రేడియో వార్తలు శ్రద్ధగా వినేవాడు. నాయకులు నవ్వుకుంటే తవ్వేవాళ్ళు. మొహాలు మాడితే గడ్డపారలు దించేవాళ్ళు. నాకు కూటమి సమన్వయకర్త అనే బిరుదు ఇచ్చారు. నా పనల్లా ముగ్గురినీ పట్టుకొచ్చి టాంటీ కుండ ముందు కూర్చోబెట్టడం.

ప్రధానమంత్రి పదవి దగ్గర మళ్ళీ తగాదా వచ్చింది. ముగ్గురూ సమానమే కనుక పదవిని రోజుకి మూడు పూటలుగా పంచుకోవాలని తీర్మానించారు. పొద్దుటి పూట బూధూ గారు, ఎందుకంటే కొట్టు మధ్యాహ్నమే రద్దీ. రాత్రి మిస్ వెర్నా, ఎందుకంటే టీవీ వార్తలు అప్పుడే. మధ్యాహ్నం భోజనం తర్వాత దేశాన్ని డాక్టర్ గారు నడుపుతాడు. దేశానికి ఆ కాస్త విశ్రాంతి అవసరమని అందరూ ఒప్పుకున్నారు. పైపు రమ్ షాపు దాటింది.

తర్వాత మా నియోజకవర్గానికి అభ్యర్థి ఎవరన్న ప్రశ్న. త్యాగం చేయడానికి ముగ్గురూ సిద్ధంగానే ఉన్నారు గానీ, ముగ్గురూ అవతలి ఇద్దరూ చెయ్యాలన్నారు. చివరికి ముగ్గురూ నిలబడాలనీ, ఒకరి మీద ఒకరు స్నేహపూర్వకంగా పోటీ చేసుకోవాలనీ తేలింది. ఈ వార్త విని కథ్‌బర్ట్ బుర్ర గోక్కున్నాడు. ఇది కలిసినట్టా, విడిపోయినట్టా అని పైవాళ్ళకు ఫోన్ చేశాడు. పైవాళ్ళు ఇంజినీర్ని అడిగారు. ఇంజినీరు పైపుల గురించి అడగండి చెబుతానన్నాడు. కథ్‌బర్ట్ నా దగ్గరికి వచ్చాడు.

“మంగళ్, నాకు రాజకీయాలు తెలియవు. వాళ్ళు ముగ్గురూ ఇంకా ఒకే కుండలో తింటున్నారా?”

తింటున్నారన్నాను. అయితే తవ్వండ్రా అని మనుషుల్ని కేకేశాడు.

పైపు మా గేటు దాకా వచ్చింది. అక్కడినుంచి టాంటీ పెరడు దాకా నిటారుగా ఎక్కుడు. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. ఆ రోజు భోజనం దగ్గర కూటమి అత్యంత తీవ్రమైన సంక్షోభాన్ని ఎదుర్కొంది. కుండ అడుగున మాడు మిగిలింది. పెలావ్‌కి ప్రాణం ఆ మాడులోనే ఉంటుంది, అది తెలియనివాడు మా దేశంవాడు కాడు. డాక్టర్ గారు గరిటె వేసి మొత్తం గీరి తన పళ్ళెంలో వేసుకున్నాడు.

మిస్ వెర్నా చెంచా కింద పెట్టింది. పెళ్ళయిన నాటినుంచీ ఈ మనిషి ఇంతే, ఒక్కనాడు, ఒక్కనాడైనా నాకు మిగల్చలేదు అంది. పార్టీ ఎందుకు చీలిందో అప్పుడు నాకు అర్థమైంది. ఆమె లేచి, కూటమి ఇంతటితో సరి అని హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంది. డాక్టర్ గారు నోట్లో మాడుతోనే, సరి అంటే సరి అన్నాడు. బూధూ గారు కారు తాళాలు వెతుక్కున్నాడు. వరండా కింద రేడియో, పత్రికా విలేకరులు చెవులు రిక్కించారు.

టాంటీ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

“ఇక్కడ కూర్చోండి ముగ్గురూ. మీరు దేశాన్ని ఏలతారో తగలేస్తారో నాకక్కర్లేదు. నా పెరట్లో కుళాయి పడేదాకా ఒక్కరు ఈ వరండా దిగినా, ఈ మోకాళ్ళతో మీ వెంటపడి తంతాను. ఫిట్జ్‌రాయ్, ఆ మాడు ఆ పిల్లకి పెట్టు.”

డాక్టర్ గారు పెట్టాడు. ముగ్గురూ కూర్చున్నారు. నేను మైకు తీసుకుని చర్చలు అత్యంత కీలకమైన దశలో ఉన్నాయని ప్రకటించాను. కూటమి నేతల సుదీర్ఘ మంతనాలు అని రేడియోలో చెప్పడం మొదలుపెట్టారు. ఆ మంతనాల్లో డాక్టర్ గారు ఆలోచించాడు, గురక కూడా పెట్టాడు. మిస్ వెర్నా మాడు నములుతూ కందికాయలు వలిచింది. బూధూ గారు ఊరికే కూర్చోలేక టాంటీ తలుపుకి ఊడిన బందు బిగించాడు. మధ్యమధ్య నేను చర్చలు ఫలవంతంగా సాగుతున్నాయని అరుస్తూనే ఉన్నాను. కింద పొక్లెయిన్ రొప్పుతూ ఎక్కుతూనే ఉంది. పొద్దువాలేలోపల నీలం పైపు టాంటీ పెరట్లోకి వచ్చింది.

ప్రారంభోత్సవానికి నీటి మంత్రి లెనాక్స్ ప్రెస్కాట్ గారు స్వయంగా వచ్చారు. ఇందులో రాజకీయం ఏమీ లేదని ఆయన ఏడుసార్లు చెప్పారు. కెమెరాల వైపు తిరిగి కుళాయి మీద చెయ్యి వేశారు. టాంటీ ఆయన చెయ్యి తీసి పక్కన పెట్టింది. తనే తిప్పింది.

ముందు గాలి వచ్చింది. తర్వాత కూటమి చొక్కాల రంగు నీళ్ళు వచ్చాయి. తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. టాంటీ చెప్పులు విడిచి, ఆ నీళ్ళకింద పాదాలు పెట్టి, గౌను మోకాళ్ళదాకా తడుస్తున్నా కదలకుండా నిలబడింది. నేను ఏడ్చాను. అంతమంది ముందు ఏడవడానికి నాకేం సిగ్గనిపించలేదు. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మా కొండవాళ్ళు విశ్వాసం గలవాళ్ళు. నీళ్ళిచ్చిన చేతిని మర్చిపోరు. ఎన్నికలనాడు కొండ కొండంతా దిగి వెళ్ళి అధికార పార్టీకి ఓటేసి వచ్చింది. కూటమి ఫలితాలు పేపర్లో కింద మూల వేశారు. బూధూ గారికి సున్నా, ఆయన ఓటు వేరే నియోజకవర్గంలో ఉంది. డాక్టర్ గారికి సున్నా. మిస్ వెర్నాకి రెండు. ఒకటి ఆమెదే. రెండోదాని గురించి అడిగితే డాక్టర్ గారు కళ్ళు మూసుకుని ఆలోచనలోకి వెళ్ళిపోయాడు.

కూటమి చారిత్రక లక్ష్యం నెరవేరింది కనుక దాన్ని గౌరవంగా రద్దు చేస్తున్నామని నేనే మైకులో చదివాను.

ఆ వారం తిరక్కుండానే పొక్లెయిన్ మళ్ళీ కొండెక్కింది. ఈసారి అది కిందనుంచి కాదు, సరాసరి టాంటీ పెరడు దగ్గరికి వచ్చి అక్కడినుంచి మొదలుపెట్టబోయింది. నేను పరుగెత్తుకెళ్ళాను. కథ్‌బర్ట్ నా మొహం చూడలేకపోయాడు. స్థానిక కౌన్సిల్ ఎన్నికలొస్తున్నాయనీ, రోడ్డవతలి పామిస్ట్ గుట్టమీద నిన్న నాలుగు పార్టీలు ఏకమయ్యాయనీ, స్టోర్లో కొత్త పైపు లేదనీ, ఇక్కడిది తవ్వి అక్కడ వెయ్యమన్నారనీ కాళ్ళకేసి చూస్తూ చెప్పాడు.

నేను మన నాయకులకు ఫోన్లు చేశాను. మిస్ వెర్నా అధికార పార్టీలో సలహాదారుగా చేరింది, మీటింగులో ఉందన్నారు. డాక్టర్ గారు ప్రజాజీవితం నుంచి తప్పుకుని ఆత్మకథకు పూనుకున్నాడు, లేపొద్దన్నారు. బూధూ గారు తనే ఎత్తాడు గానీ నీళ్ళు నమిలాడు. పామిస్ట్ గుట్టకి కుళాయిలు సప్లై చేసేది ఆయనేనట.

టాంటీ వరండాలో కూర్చుని అంతా వింది. ఆమె కోపం నేను చాలాసార్లు చూశాను గానీ ఇంత నెమ్మదైన కోపం ఎప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది. మైకు అందుకో అంది. వైరు లాగి చేతికిచ్చాను. లేచి, రెయిలింగు పట్టుకుని, ఒకసారి ఊది చూసి, కొండంతా మారుమోగేలా చెప్పింది.

“ప్రజలారా, ఈ పూటనుంచి కోకో రవీన్‌లో కొత్త పార్టీ పుట్టింది. దాని పేరు మోకాళ్ళ పార్టీ. అధ్యక్షురాలిని నేనే. దేశం మొత్తం పోటీ చేస్తున్నాం.”

కథ్‌బర్ట్ ఇంజన్ ఆపాడు. టోపీ తీశాడు. ఫోన్లో పైవాళ్ళతో కాసేపు మాట్లాడి, వరండా కిందికి వచ్చి నిలబడ్డాడు.

“టాంటీ, ఒంటరిగానా, కూటమిగానా? ఒంటరి పార్టీకైతే ట్యాంకరే పంపమంటున్నారు. కూటమైతేనే పైపు ఉంచమన్నారు.”

టాంటీ నావైపు చూసింది. నేను వెనకాముందూ చూడకుండా అప్పటికప్పుడు జాతీయ శబ్ద పార్టీ స్థాపించి, దాని ఏకైక సభ్యుడిగా దాని అధ్యక్షుడినై, మోకాళ్ళ పార్టీతో బేషరతుగా చేతులు కలిపి, చర్చలు సఫలమైనట్టు ప్రకటించాను. కొండమీద ఇళ్ళన్నిటిలోంచీ చప్పట్లు వినిపించాయి. చప్పట్లు వింటుంటే ఒంట్లోకి ఏదో కొత్త బలం వచ్చినట్టయింది. టాంటీ మైకు నాకిచ్చేసి, బకెట్ తీసుకుని, మెట్లు దిగి, కుళాయి తిప్పింది. నీళ్ళు బకెట్లో చప్పుడు చేస్తూ పడుతున్నాయి. కథ్‌బర్ట్ వెళ్ళి పొక్లెయిన్ సీట్లో కూర్చున్నాడు.

నేను టాంటీ వెనకే దిగి వెళ్ళి, మైకులో కాదు, మామూలు గొంతుతోనే, మర్యాదగానే అన్నాను: మన ఇద్దరిలో ప్రధానమంత్రి ఎవరన్నది ముందే తేల్చుకుంటే మంచిది కదా అని.

టాంటీ కుళాయి కట్టేసి నావైపు తిరిగింది. కథ్‌బర్ట్ మా ఇద్దరినీ చూస్తూ ఇంజన్ తాళం మీద చెయ్యి వేశాడు.